ఆ రేటింగ్ ఎలా వచ్చిందో అడగండి

సర్వీసు వ్యవహారాలు చూసే న్యాయవాదులు తరచూ ఉదహరించే తీర్పు ఒకటుంది, దేవ్ దత్ కేసు. సరిహద్దు రోడ్ల ఇంజినీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా ఉన్న ఆయనకు సూపరింటెండింగ్ ఇంజినీరు ప్రమోషన్ రాలేదు. ఆయన పని మీద ఎవరూ చెడుగా రాయలేదు. ఆ పోస్టుకు వరసగా అయిదేళ్ళ రహస్య నివేదికల్లో 'వెరీ గుడ్' ఉండాలి. ఆయనకు 1993-94లో 'గుడ్' అని మాత్రమే పడింది. చెడ్డమాట రాస్తేనే ఉద్యోగికి తెలియజేయాలన్నది అప్పటి నిబంధన. 'గుడ్' చెడ్డమాట కాదు గనక ఆయనకు చెప్పలేదు. ఆ ఒక్క మాటే దారికి అడ్డుపడింది.

2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నివేదికలో రాసింది మంచైనా, చెడైనా, మధ్యరకమైనా ప్రతి మాటా ఉద్యోగికి తెలియాలి, దాని మీద తన వాదన చెప్పుకునే అవకాశం ఉండాలి అంది. ప్రమోషన్ ఇచ్చెయ్యమని మాత్రం కోర్టు అనలేదు. ఆ 'గుడ్' సంగతి ఆయనకు రెండు నెలల్లో తెలియజేయండి, ఆయన చెప్పేది వినండి, గ్రేడు పెరిగితే ప్రమోషన్ విషయం మళ్ళీ చూడండి అని ఆదేశించింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు. మరుసటి ఏడాది, 2009 మే 14న, కేంద్ర సిబ్బంది శాఖ మొత్తం వార్షిక నివేదికను గ్రేడుతో సహా ఉద్యోగికి చూపించాలనీ, అభ్యంతరానికి 15 రోజులు గడువివ్వాలనీ ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్ళు ఇవాళ తమ నివేదిక చూసుకోగలుగుతున్నారంటే ఈ తీర్పు చలవే.

ఉద్యోగంలో అన్యాయం అనుకున్నప్పుడు మనలో చాలామంది మొదట చూసేది అంకెనే. హైక్ ఎంత, బోనస్ ఎంత, పక్కవాళ్ళకి ఎంత. అంకె ముఖ్యమే, ఇల్లు దానితోనే నడుస్తుంది. కానీ మనసు విరిగేది ఎక్కువగా రెండు వేరే చోట్ల. ఆ అంకె ఎలా తేల్చారో చెప్పకపోవడం ఒకటి, చెప్పేటప్పుడు మనిషిని మనిషిగా చూడకపోవడం రెండోది. ఈ మూడింటినీ విడదీసి చూసుకోగలిగితే ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది. కలగలిపేసుకుంటే కోపం మిగులుతుంది, దానితో చేయగలిగిందేమీ ఉండదు.

ఈ విడదీత పరిశోధకులు చాలా ఏళ్ళ క్రితమే చేశారు. 1963లో జె. స్టేసీ ఆడమ్స్ పోలిక సంగతి చెప్పాడు. మనిషి తను పెట్టిన శ్రమనూ పొందిన ఫలితాన్నీ పక్కవాడి శ్రమతో, ఫలితంతో పోల్చి చూసుకుంటాడు, తేడా కనిపిస్తే దాన్ని ఎలాగో ఒకలా సరిచేసుకుంటాడు అని. సరిచేసుకోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆరు దాటాక ఫోన్ ఎత్తకపోవడం, తెలిసినా చెప్పకపోవడం, 'చెప్పింది చేస్తా, అంతే' అన్న ధోరణి. తర్వాతి వాళ్ళు 1970లు, 80లలో నిర్ణయం జరిగిన పద్ధతి మీదా, చెప్పిన తీరు మీదా దృష్టి పెట్టారు.

ఇందులో నాకు బాగా పట్టింది జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనం. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో ఒకే కంపెనీకి చెందిన మూడు ఫ్యాక్టరీలు. పెద్ద కాంట్రాక్టులు చేజారడంతో ఎవరినీ తీసెయ్యకుండా గట్టెక్కాలని రెండింట్లో పది వారాలపాటు జీతాలు 15 శాతం తగ్గించారు. మూడో దాంట్లో కోత లేదు. కోత పడ్డ ఒక ఫ్యాక్టరీలో అధ్యక్షుడే వచ్చి గంటన్నరసేపు కూర్చున్నాడు. లెక్కలు చూపించాడు, ఎందుకు తప్పలేదో వివరించాడు, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చాడు, బాధగా ఉందని ఒకటికి రెండుసార్లు అన్నాడు. రెండో ఫ్యాక్టరీలో పావుగంటలో ముగించారు. కోత ఉంటుంది, పది వారాలు, అంతే.

ఆ పది వారాల్లో రెండు చోట్లా సరుకు దొంగతనాలు పెరిగాయి. కానీ పావుగంటలో చెప్పి పంపేసిన చోట పెరుగుదల చాలా ఎక్కువ. ఉద్యోగం మానేసినవాళ్ళూ అక్కడే ఎక్కువ. జీతాలు మామూలయ్యాక దొంగతనాలూ మామూలు స్థాయికి దిగాయి. రెండు చోట్లా తగ్గిన డబ్బు ఒక్కటే. కంపెనీకి అదనంగా ఖర్చయింది అధ్యక్షుడి గంటన్నర సమయం. దొంగతనం సరైనదని ఎవరూ అనరు. కానీ కారణం చెప్పకుండా జీతం మీద చెయ్యి వేస్తే మనుషుల్లో ఏం కదులుతుందో ఇంత స్పష్టంగా చూపించిన లెక్క మరొకటి నాకు కనిపించలేదు.

మన దగ్గర ఇది కనిపించేది ఎక్కువగా చిన్న చిన్న కాగితాల్లో. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ చార్టు తీసుకోండి. గీతల కాగితం మీద ఇన్‌చార్జి సిస్టర్ పేర్లు రాసి, తేదీల కింద మార్నింగ్‌కి ఎం, ఈవినింగ్‌కి ఇ, నైట్‌కి ఎన్ వేసి, స్టేషన్ వెనక గోడకి అంటిస్తుంది. షిఫ్టు మారే వేళకి అందరూ అక్కడే మూగుతారు. ప్రతి ఒక్కరూ వేలు పెట్టి తన వరసలో ఎన్‌లు లెక్కపెట్టుకుంటారు, తర్వాత పక్క వరసలోవీ లెక్కపెడతారు. ఒకటి రెండు తేడా ఉంటే పెద్దగా పట్టించుకోరు, ఎవరికో ఇంట్లో పని పడి ఉంటుందిలే అనుకుంటారు. అసలు గొడవ మొదలయ్యేది మర్నాడు. ఒక పేరుకెదురుగా ఎన్ మీద వైట్‌నర్ పూసి ఎం రాసి ఉంటుంది. అదే తేదీకి ఇంకొకరి గడిలో కొత్తగా ఎన్ వచ్చి ఉంటుంది. ఎవరు మార్పించుకున్నారు, ఎవరితో ఫోన్ చేయించారు, పోయిన దసరాకీ ఈ సంక్రాంతికీ నైట్ ఎవరికి పడింది, ఇవన్నీ ఆ తెల్లటి మచ్చలోంచే పుడతాయి. ముఖం చూసి బొట్టు పెడుతున్నారన్న మాట ఒక్కసారి వార్డులో తిరగడం మొదలుపెట్టిందంటే ఆ తర్వాత ఎంత సరిగ్గా చార్టు వేసినా ఎవరూ నమ్మరు.

దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. కొత్త చార్టు పక్కనే గత మూడు నెలల చార్టులు ఉంచితే చాలు, ఎవరి వంతు ఎంతో అందరికీ కనిపిస్తుంది. పండగ డ్యూటీలకి వేరే వరస రాసిపెట్టాలి. ఒకసారి చేసినవాళ్ళకి వచ్చే పండగ సెలవు. మార్పులకి ఒక పుస్తకం పెట్టి, డ్యూటీ మార్చుకున్న ఇద్దరూ సంతకం చేయాలి. జెరాల్డ్ లెవెంతల్ 1980లో న్యాయమైన పద్ధతికి ఉండాల్సిన లక్షణాలు రాశాడు. అందరికీ ఒకే నియమం, తన పర భేదం లేకపోవడం, సరైన సమాచారం, తప్పు దిద్దుకునే వీలు, సంబంధించిన వాళ్ళ మాట వినడం, నీతికి కట్టుబడటం. ఆ గోడ మీది కాగితానికి ఇవన్నీ వర్తిస్తాయి. ఇందులో మనవాళ్ళు తేలిగ్గా తీసుకునేది నాలుగోది. పొరపాటు ఎవరైనా చేస్తారు. చేశాక చెప్పుకోవడానికి చోటు ఉందా అన్న దాని మీదే నమ్మకం నిలుస్తుంది.

నమ్మకం పోయాక కూడా మనుషులు ఉద్యోగంలోనే ఉంటారు. అందుకే ఈ నష్టం యాజమాన్యాలకి వెంటనే కనిపించదు. ఉద్యోగి సంస్థని అంటిపెట్టుకుని ఉండటానికి మూడు రకాల కారణాలుంటాయని మేయర్, ఆలెన్ అనే పరిశోధకులు 1991లో వివరించారు. ఇష్టం ఉండి ఉండటం, వెళ్తే నష్టపోతామని ఉండటం, ఉండటం ధర్మం అనుకుని ఉండటం. న్యాయంగా చూసిన చోట మొదటిది పెరుగుతుంది. అన్యాయం జరిగిన చోట మనిషి కదలకుండానే మొదటి రకం నుంచి రెండో రకానికి జారిపోతాడు. ఇంటి లోను ఈఎంఐ, 90 రోజుల నోటీస్ పీరియడ్, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాల్సిన జాయినింగ్ బోనస్, పిల్లల స్కూలు, కొన్ని ప్రైవేటు కాలేజీల్లో అయితే యాజమాన్యం బీరువాలో పెట్టుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఇవే మనిషిని పట్టి ఉంచుతాయి. హాజరు పట్టీలో తేడా రాదు. పనిలో ప్రాణం ఉండదు.

మీకు ఆ జారుడు మొదలైందేమో చూసుకోండి. ఆదివారం సాయంత్రానికే గుండె బరువెక్కుతోందా, మీ సలహా అవసరమని తెలిసీ మీటింగులో నోరు మెదపడం లేదా, ఒకప్పుడు ఇంట్లో ఇష్టంగా చెప్పుకున్న పని గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే మాట దాటేస్తున్నారా. అవునంటే ఊరుకోవడం మంచిది కాదు. మీరు నిశ్శబ్దంగా తగ్గించుకున్న పని వచ్చే ఏడాది రేటింగులో మీకే వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. అప్పుడు నిజంగా జరిగిన అన్యాయానికి కూడా మీ దగ్గర జవాబు ఉండదు.

అడగాలి. ఎలా అడుగుతామన్న దాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడి ఉంటుంది. 'ఫలానా ఆయనకి నాకన్నా ఎక్కువ ఎందుకిచ్చారు?' అంటే మేనేజరు ఆ ఫలానా ఆయన్ని సమర్థించడం మొదలుపెడతారు, మీ సంగతి పక్కకి పోతుంది. ఇలా అడిగి చూడండి: 'సర్, రేటింగ్ గురించి ఒక అరగంట మాట్లాడాలి. దేనికెంత వెయిటేజీ ఇచ్చారో, నాది ఎక్కడ తగ్గిందో చెప్తారా? వచ్చే ఏడాదికి నేను ఏం చేసి చూపించాలో కూడా తెలుసుకోవాలనుకుంటున్నాను.' దీనికి జవాబు చెప్పక తప్పదు. చాలాసార్లు వచ్చే జవాబు, 'నేను బాగానే పంపానమ్మా, పైన అలా తేల్చారు, నా చేతిలో లేదు.' అక్కడితో లేచి వచ్చేయకండి. మీరు పంపిన రేటింగూ చివరికి వచ్చిందీ వేరువేరా, మార్పు ఏ దశలో జరిగింది, నా తరఫున ఏం చెప్పారు, అభ్యంతరం రాయాలంటే ఎవరికి రాయాలి అని మర్యాదగానే అడగండి.

చాలా కంపెనీల్లో మేనేజరు ఇచ్చిన రేటింగ్ ఆఖరిది కాదు. పైవాళ్ళు కూర్చుని నార్మలైజేషన్ చేస్తారు. పై గ్రేడు ఇంతమందికి, మధ్య ఇంతమందికి, కింద ఇంతమందికి అని బెల్ కర్వ్ ముందే గీసి ఉంటుంది. పదిమందీ బాగా చేసిన టీములో కూడా ఎవరో ఒకరు కింద పడాల్సిందే. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని ఏళ్ళ తరబడి నడిపి 2013 నవంబరులో ఎత్తేసింది. మీ సంస్థలో ఇది ఉంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ గదిలో మీరు ఉండరు, మీ మేనేజరు చెప్పే నాలుగు మాటలే మీరు. ఆ నాలుగు మాటలూ ఆయన చేతికి మీరే అందించాలి. ఏడాది చివర్లో గుర్తుచేసుకుంటే ఆఖరి రెండు నెలలే గుర్తొస్తాయి. నెలకోసారి, ఏం చేశానో, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో, మెచ్చుకుంటూ వచ్చిన మెయిల్ ఏదో రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. అప్రైజల్‌కి నెల ముందు దాన్నే ఒక పేజీగా పంపండి. మాట్లాడి వచ్చిన సాయంత్రమే, 'ఈరోజు మనం మాట్లాడుకున్నవి ఇవి' అని చిన్న మెయిల్ పెట్టండి. గొడవ పెట్టుకున్నట్టు అవుతుందేమో అని చాలామంది సంకోచిస్తారు. మర్యాదగా రాసిన మెయిల్ వల్ల ఆ మేనేజరుకే మేలు, వచ్చే ఏడాది ఆయన మారిపోయినా అనుకున్న మాట కాగితం మీద ఉంటుంది.

అడిగే ముందు మీ పోలిక సరైనదేనా అని కూడా చూసుకోవాలి. ఇందులో మనల్ని మనం కాస్త గట్టిగానే ప్రశ్నించుకోవాలి. నిన్న చేరినవాళ్ళకి పదేళ్ళుగా ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ ప్యాకేజీ ఇవ్వడం ఐటీలో మామూలైపోయింది. బయటి మార్కెట్ ధర ఒకలా, లోపలి హైకు శాతం ఇంకోలా నడవడం దీనికి కారణం. ఇది అన్యాయంగా అనిపించడం సహజం, నా దృష్టిలో చాలావరకు అన్యాయమే. కానీ ఇది మీ మేనేజరు మీ మీద చూపిన పక్షపాతం కాదు. అడగాల్సింది 'మార్కెట్ కరెక్షన్' గురించి, అడగాల్సింది హెచ్ఆర్‌ని. క్యాంటీన్‌లో విన్న అంకెల్ని నమ్మి యుద్ధానికి వెళ్ళకండి. ఒకరు సీటీసీ చెబుతారు, ఒకరు చేతికొచ్చేది చెబుతారు, ఇంకొకరు పరువు కోసం కాస్త కలిపి చెబుతారు.

పక్కనే కూర్చుని అదే పని చేస్తున్నా వేరే జీతం తీసుకునే కాంట్రాక్టు ఉద్యోగుల సంగతి వేరు. అక్కడ పోలిక నిక్కచ్చిగా నిలుస్తుంది. 2016 అక్టోబర్ 26న పంజాబ్ ప్రభుత్వం, జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రెగ్యులర్ ఉద్యోగులు చేసే పనే చేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు పే స్కేలులో కనీస మొత్తమైనా ఇవ్వాలని చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో కాంట్రాక్టు ఉద్యోగులు మినిమమ్ టైమ్ స్కేల్ అని అడిగేది ఈ హక్కునే. ప్రభుత్వ సంస్థల్లో ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఒంటరిగా వినతి పత్రాలు ఇచ్చుకుంటూ తిరగడం కన్నా, తమ పని, రెగ్యులర్ వాళ్ళ పని ఒకటేనని చూపే డ్యూటీ ఆర్డర్లు, హాజరు పట్టీలు జాగ్రత్త చేసుకుని నలుగురూ కలిసి వెళ్ళడం మేలు. కోర్టులో నిరూపించాల్సింది పని ఒకటే అన్న సంగతినే.

ప్రైవేటులో ఉన్నవాళ్ళకి కూడా చట్టం కొంత చేయూత ఇస్తుంది. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకుమించి వర్కర్లున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్ళు, కార్మికుల తరఫువాళ్ళు సమానంగా ఉండాలి. విషయం తలెత్తిన ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. మేనేజరు స్థాయివాళ్ళు, నెలకు 18,000 రూపాయలు దాటిన జీతం తీసుకునే సూపర్‌వైజర్లు 'వర్కర్' కిందికి రారు. వేతనాల కోడ్ ఒకే రకం పనికి ఆడ మగ తేడాతో జీతం మార్చకూడదంటుంది. రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మీ ఆఫీసులో కమిటీ ఉందా, సభ్యులెవరు అని హెచ్ఆర్‌ని ఒక లైను మెయిల్‌తో అడగడానికి ఎవరికీ భయపడక్కర్లేదు.

లైంగిక వేధింపు ఈ కోవలోకి రాదు, దాన్ని 'మేనేజరు పక్షపాతం' కింద సర్దుకోకండి. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్లలో పనిచేసేవాళ్ళకి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదుకు మూడు నెలలు గడువు, తగిన కారణం చూపితే ఇంకో మూడు నెలలు పెంచవచ్చు.

మీ కింద నలుగురు పనిచేస్తుంటే, అది టీమ్ లీడ్ అయినా, షోరూమ్ సూపర్‌వైజర్ అయినా, స్కూలు హెడ్ టీచర్ అయినా, ఒక మాట. జీతాలు పెంచే అధికారం మీకు లేకపోవచ్చు. కారణం చెప్పే అధికారం, వినే అధికారం మాత్రం మీ దగ్గరే ఉన్నాయి. సెలవు ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేకపోయారో ఎదురుగా చెప్పండి, గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. రేటింగ్ తగ్గిన మనిషికి ఆ వార్త అప్రైజల్ లెటరు ద్వారా తెలియకూడదు, అంతకుముందే మీ నోటి నుంచి తెలియాలి. 'పైనుంచి వచ్చింది' అని తప్పుకోవడం సులువే కానీ, దానివల్ల మీ మనుషులకి మీరు తమవైపు లేరని అర్థమవుతుంది. మీరు గట్టిగా వాదించి ఓడిపోతే ఆ సంగతే చెప్పండి. మీకు దగ్గరివాళ్ళో, మీ ఊరివాళ్ళో టీములో ఉంటే వాళ్ళ సెలవులు, డ్యూటీలు మరింత కచ్చితంగా రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. వాళ్ళకీ అదే మంచిది, లేకపోతే వాళ్ళు కష్టపడి తెచ్చుకున్నది కూడా మీ దయ కింద జమవుతుంది.

అన్నీ అడిగినా, రాసినా, కమిటీకి వెళ్ళినా మారని చోట్లుంటాయి. ఒక అప్రైజల్ ఏడాది మొత్తం చూడండి. కారణం చెప్పని వాళ్ళు రెండోసారీ చెప్పకపోతే, ఇల్లు నడిచే ఏర్పాటు చేసుకుని, నోటీస్ పీరియడ్ లెక్క చూసుకుని, వేరే చోటు వెతుక్కోవడం మొదలుపెట్టండి. కోపంలో రాజీనామా పారేసి రావద్దు. పే స్లిప్పులు, ఆఫర్ లెటరు, పీఎఫ్ వివరాలు, రిలీవింగ్ కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

కొత్త చోట ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడుగుతారా?' అన్నప్పుడు జీతం గురించి ఎలాగూ అడుగుతారు. దానితోపాటు ఇక్కడ రేటింగ్ ఎవరు ఇస్తారు, దాన్ని ఇంకెవరు మారుస్తారు, ఒప్పుకోకపోతే ఎవరికి రాయాలి, పండగ డ్యూటీలు ఎలా పంచుతారు అని కూడా అడగండి. కుదిరితే అదే టీములో పనిచేస్తున్న వాళ్ళలో ఒకరితో పది నిమిషాలు మాట్లాడి ఇవే ప్రశ్నలు వేయండి. ఇద్దరి జవాబులూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, ఆఫర్‌కి సరే అనేటప్పుడు ఆ ముఖ్యమైన మాటల్ని మెయిల్‌లో ఒకసారి రాయించుకోండి.